రెండు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండర్: వనభోజనాలకు హమ్మస్, అలసందల డిప్ కలిపి ఐదు కిలోలు రుబ్బాక రాస్తున్న రివ్యూ

ఇడ్లీ పిండి ఎంత మెత్తగా వస్తుంది, గారెల పిండి ఎంత బాగా పొంగుతుంది అని చెప్పే గ్రైండర్ రివ్యూలు కావలసినన్ని ఉన్నాయి. ఆ పనికి ఇది చాలా బాగుంది, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నేను రాస్తున్నది వేరే పని గురించి. ఉడికించిన శనగలు, అలసందలు, కూరగాయలు కలిపి మెత్తగా రుబ్బి పదిమందికి పంచే డిప్, అంటే అద్దుకుని తినే ముద్ద, దీనితో కుదురుతుందా, ఇంట్లో మిక్సీ ఉండగా దీన్ని కిందికి దించడం దేనికి అని కొనేముందు చాలా వెతికాను, సరైన సమాధానం ఎక్కడా దొరకలేదు. ఎనిమిది నెలలు వాడాక నాకు తెలిసింది రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. స్టీలు గిన్నె, లోపల రెండు రాళ్ళు, కింద 150 వాట్ల మోటారు, బెల్టు, ఈ అమరిక ఉన్న గ్రైండర్ ఏదైనా దాదాపు ఇలాగే పనిచేస్తుంది. నాకు 4,800 రూపాయలు పడింది.

అసలు ఎందుకు కొన్నానో చెప్పాలి. హైదరాబాద్ నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళం ఏటా కార్తీకమాసంలో ఒక ఆదివారం వనభోజనాలకు వెళ్తాం, ఫ్లాటుకో వంటకం చొప్పున. పులిహోర, గారెలు, బూరెలు, చక్రపొంగలి, బంగాళదుంప వేపుడు, అన్నీ బాగుంటాయి కానీ అన్నీ నూనెవి, లేకపోతే తీపివి. మా అత్తయ్యగారికి షుగర్. ఆవిడ వయసు వాళ్ళు మా బిల్డింగ్‌లో ఇంకో పదిమంది ఉన్నారు. అందరి మధ్యా కూర్చుని పులిహోర రెండు ముద్దలు తిని "ఇక చాలమ్మా" అని ఆకు మడిచేయడం చూసినప్పుడల్లా నాకు మనసులో అదోలా ఉండేది. గింజలు, కూరగాయలే ఎక్కువగా ఉండేది, అందరూ ఇష్టంగా తినగలిగేది ఒకటి తీసుకెళ్ళాలనుకుని అంతకుముందు ఏడాది హమ్మస్, అంటే ఉడికించిన శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం కలిపి రుబ్బే అరబ్బీ డిప్, మొదలుపెట్టాను. టోలిచౌకి వైపు అరబ్బీ హోటల్లో మొదటిసారి తిన్నప్పటి నుంచి నాకు దాని మీద ఇష్టం.

ఆ ఏడాది మిక్సీతోనే చేశాను. అరవై మందికి మిక్సీలో చేయడం ఎంత కష్టమో చేస్తే తప్ప తెలియదు. ఉడికిన శనగల ముద్ద బ్లేడు చుట్టూ ఖాళీ చేసుకుని జార్ గోడలకు అంటుకుపోతుంది, బ్లేడు గాలిలో తిరుగుతుంటుంది, మనం మూత తీసి గరిటెతో కిందికి నెట్టి మళ్ళీ వేయాలి. మూడో వాయికే మోటారు వేడెక్కి వాసన వచ్చింది, నాలుగో వాయిలో కింద ఉన్న ఎర్ర బటన్ బయటికొచ్చి మిక్సీ ఆగిపోయింది. ఇరవై నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. మొత్తం పదకొండు వాయిలు. తిరగడం లేదని నీళ్ళు పోస్తూ పోయాను, ఆఖరికి అది అద్దుకుని తినేలా కాకుండా సాంబారులా జారిపోయింది, అయినా మధ్యలో పలుకులు అలాగే ఉన్నాయి.

అందుకే ఈ ఏడాది గ్రైండర్.

కానీ గ్రైండర్ గురించి చెప్పేముందు ఇంకోటి చెప్పాలి, ఎందుకంటే మెత్తదనంలో సగానికి పైగా గ్రైండర్ దగ్గరికి రాకముందే తేలిపోతుంది. మా ఇంటికి బోరు నీళ్ళు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్ళు వస్తాయి. ఆ నీళ్ళతో కందిపప్పే ఉడకనని మొండికేస్తుంది, ఇక కాబూలీ శనగలైతే ఎనిమిది విజిల్స్‌కి కూడా పైకి మెత్తగా, లోపల ఇసుకలా ఉంటాయి. నీళ్ళలో ఉండే కాల్షియం గింజ గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని గట్టిపరుస్తుంది, అందుకని ఎంత ఉడికినా విడిపోదు. సోడా వేస్తే దీనికి ఎదురు పని జరుగుతుంది, ఆ పెక్టిన్ కరిగి గింజ వెన్నలా అవుతుంది. కిలో శనగలకు ఒక చెంచా వంటసోడా వేసి, ఫిల్టర్ నీళ్ళలో పన్నెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి కడిగి, మళ్ళీ ఫిల్టర్ నీళ్ళు, అర చెంచా సోడాతో కుక్కర్‌లో పెట్టాను. ఐదు విజిల్స్, తర్వాత సిమ్‌లో పది నిమిషాలు. కుక్కర్‌లో గింజలు, నీళ్ళు కలిపి సగానికి మించకూడదు, శనగల నురుగు పైకొచ్చి విజిల్ రంధ్రం మూసుకుపోతుంది, మా ఐదు లీటర్ల కుక్కర్‌లో కిలోని రెండుసార్లుగా ఉడికించాను. రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా నొక్కితే పలుకు తగలకుండా పేస్టు అయిపోవాలి. సలాడ్‌కి వండినంత మెత్తదనం దీనికి చాలదు. సోడా వేసి ఉడికించిన నీళ్ళు మాత్రం చారుకి వాడకండి, సబ్బు రుచి వస్తుంది.

తర్వాత పొట్టు. ఉడికిన శనగల మీద చల్లనీళ్ళు పోసి రెండు చేతులతో మెల్లగా రుద్దితే పొట్టు పైకి తేలుతుంది, వంచేయడమే. నేను మదనపల్లె వైపు దాన్ని, మాకు ఈ పని చిన్నప్పటి నుంచి చేతికి అలవాటు. చలికాలంలో అనపగింజలు రాత్రి నానబెట్టి పొద్దున ఇంట్లో ఆడవాళ్ళందరూ చుట్టూ కూర్చుని ఒక్కో గింజా పిండుతుంటే పప్పు ఎగిరి గిన్నెలో పడేది, అదే పితికిపప్పు. పొట్టు తీసిన పప్పుకీ తీయనిదానికీ నోట్లో ఎంత తేడా ఉంటుందో ఆ కూర తిన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. శనగల్లో పొట్టు మొత్తం పోనక్కర్లేదు, ముప్పాతిక పోయినా చాలు. పీచు కావాలంటే కొంత ఉంచుకోవడమే మంచిది కూడా.

ఇప్పుడు గ్రైండర్. మొదటి ప్రయత్నంలో నేను చేసిన పొరపాటు ఉడికిన శనగలన్నీ ఒకేసారి వేసి ఆన్ చేయడం. ముద్ద మొత్తం రాళ్ళ మీదికెక్కి, రాళ్ళతో పాటు అదీ గుండ్రంగా తిరిగింది తప్ప నలగలేదు, బెల్టు జారుతున్న చప్పుడు కూడా వినిపించి వెంటనే ఆపేశాను. మినప్పప్పు జారుడుగా ఉంటుంది కాబట్టి దానంతటదే రాయి కిందికి వెళ్తుంది, ఉడికిన శనగలు అలా వెళ్ళవు. నాలుగైదు సార్లు చేశాక కుదిరిన పద్ధతి ఇది. ముందు నువ్వుల ముద్ద, నిమ్మరసం, ఉప్పు గిన్నెలో వేసి తిప్పాలి. నిమ్మరసం తగలగానే నువ్వుల ముద్ద గట్టిపడి విరిగిపోయినట్టు కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు, ఐసు నీళ్ళు చెంచా చెంచాగా పోస్తుంటే రెండు నిమిషాల్లో తెల్లగా, క్రీములా మారుతుంది. ఆ క్రీములోకి గోరువెచ్చటి శనగలు గుప్పెడు గుప్పెడుగా, గ్రైండర్ తిరుగుతుండగానే వేయాలి. అప్పుడు రాయి కింద ఎప్పుడూ జారుడు ఉంటుంది, కొత్తగా వేసిన గింజ దాన్లో మునిగి నలుగుతుంది. ఇరవై నిమిషాలకి వచ్చిన మెత్తదనం చూసి నేను నిజంగా సంతోషపడ్డాను. నాలుక మీద పెడితే వెన్నలా ఉంది, కానీ గరిటె నిలబడేంత గట్టిగా కూడా ఉంది. మిక్సీలో ఈ రెండూ ఒకేసారి నాకు ఎప్పుడూ రాలేదు, మెత్తగా కావాలంటే నీళ్ళగా చేసుకోవాల్సి వచ్చేది. రాయి నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ముద్ద వేడెక్కదు, నువ్వుల వాసన పచ్చిగా అలాగే నిలుస్తుంది.

రెండు లీటర్లని పేరేగానీ ఇంత చిక్కటి ముద్దకి గిన్నె నిండా వేయకూడదు. వాయికి కిలో, మహా అయితే కిలో పావు. కిలో పొడి శనగలు ఉడికితే రెండు కిలోల పైచిలుకు అవుతాయి, నువ్వులు, బీట్‌రూట్ కలిపి మూడు కిలోల పైన వచ్చింది, మూడు వాయిలు పట్టింది.

నువ్వుల ముద్దకి మాత్రం గ్రైండర్‌ని నమ్ముకోవద్దు. పొడిగా ఉన్న నువ్వులు రాళ్ళ కింద చెల్లాచెదురై తిరుగుతూనే ఉంటాయి. 300 గ్రాముల పొట్టు తీసిన తెల్లనువ్వులు రంగు మారకముందే, చిటపటలు మొదలవగానే దించి, ఆరాక మిక్సీ చట్నీ జార్‌లో ఆపి ఆపి తిప్పితే నాలుగైదు నిమిషాల్లో నూనె వదిలి జారుతుంది, రెండు చెంచాల నువ్వులనూనె సాయం పోశాను. నువ్వుల పొడికి వేయించినంత ఎర్రగా వేయిస్తే చేదు వస్తుంది. సూపర్ మార్కెట్లో దొరికే తాహినీ సీసా ఇదే వస్తువు, ధర మాత్రం చాలా ఎక్కువ.

కూరగాయల దగ్గర గ్రైండర్‌కి ఒక గట్టి పరిమితి ఉంది: పచ్చివి నలగవు. పచ్చి క్యారెట్ ముక్క రాయికి దొరక్కుండా గంటసేపైనా దొర్లుతుంది. బీట్‌రూట్ అరకిలో ఆవిరి మీద ఉడికించి, తడి పూర్తిగా ఆర్చి, ఆఖరి పది నిమిషాల్లో వేశాను. ఆ రంగు చూసి పిల్లలు ముందు వచ్చారు. రెండో డిప్ అలసందలది, మీ వైపు బొబ్బర్లు అంటారేమో. అరకిలో అలసందలు ఉడికించి, వాటితో ఎర్ర క్యాప్సికమ్‌లు స్టవ్ మంట మీద వంకాయ కాల్చినట్టే నల్లగా కాల్చి, మూతపెట్టి ఉంచి తొక్క ఒలిచి, పెనం మీద మగ్గించిన క్యారెట్ ముక్కలతో కలిపి రుబ్బాను. అలసందలు శనగల కంటే చాలా సులువు, పొట్టు పల్చన, పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. కాల్చిన క్యాప్సికమ్ పొగ వాసన దాంట్లో ఎంత బాగా ఇమిడిందంటే, నాకు బీట్‌రూట్ హమ్మస్ కంటే ఇదే ఎక్కువ నచ్చింది. మా ఫ్లాట్లలో ఒకావిడ రాజ్మాతో చేయొచ్చా, నానబెట్టి రుబ్బితే చాలదా అని అడిగింది. అస్సలు వద్దు. పచ్చి రాజ్మాలో సహజంగా ఉండే లెక్టిన్ అనే విష ప్రొటీన్ వల్ల వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, బాగా మరిగే నీళ్ళలో పూర్తిగా ఉడికాకే అది పోతుంది, కాబట్టి కుక్కర్‌లో మెత్తగా ఉడికించాకే రుబ్బాలి.

కార్తీకం కాబట్టి ఉల్లి, వెల్లుల్లి లేకుండా చేశాను. నిమ్మరసం బదులు ఉసిరికాయ వేద్దామా అని కూడా అనుకున్నాను, ఎలాగూ ఉసిరిచెట్టు కిందే భోజనం కదా అని, కానీ ఆదివారం ఉసిరి తినకూడదని అత్తయ్యగారు గుర్తుచేశారు. వెల్లుల్లి బదులు వేయించిన జీలకర్ర పొడి, కొద్దిగా అల్లం రసం. తర్వాత ఇంట్లో వెల్లుల్లితో చేసినప్పుడు ఒకటి తెలిసింది, గ్రైండర్‌లో వెల్లుల్లి వేస్తే రాళ్ళు పట్టుకునే ఆ నైలాన్ భాగానికి వాసన అంటుకుని, మర్నాడు రుబ్బిన దోసె పిండిలోకి వచ్చింది. వెల్లుల్లి విడిగా రోట్లో దంచి, నిమ్మరసంలో పది నిమిషాలు నాననిచ్చి చివర్లో చేత్తో కలుపుకోండి. ఘాటు కూడా తగ్గుతుంది. బీట్‌రూట్ రంగు కూడా ఆ నైలాన్‌కి పట్టింది కానీ నాలుగు కడుగులకి పోయింది.

వనభోజనాల రోజు సంగతి కూడా చెప్పాలి, డిప్ చేయడం కంటే పంచడం దగ్గరే నేను ఎక్కువ ఆలోచించాను. హమ్మస్‌కి పేరుపడ్డ లెబనాన్, సిరియా, పాలస్తీనా వైపు ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని రొట్టె ముక్కలతో తీసుకుని తింటారు. 2010లో లెబనాన్ వంటవాళ్ళు 10,452 కిలోల హమ్మస్ ఒకే పళ్ళెంలో చేసి గిన్నిస్ రికార్డు పెట్టారు, ఆ దేశ వైశాల్యం 10,452 చదరపు కిలోమీటర్లు కాబట్టి అన్ని కిలోలు. ఆ కలిసి తినడం నాకెంతో నచ్చుతుంది, కానీ మనవాళ్ళలో ఒకరు కొరికిన ముక్క మళ్ళీ గిన్నెలో ముంచితే ఎంగిలి, ఇక ఆ గిన్నె వైపు పెద్దవాళ్ళు చూడరు. అందులోనూ కార్తీకంలో. వాళ్ళ కోసమే చేసింది వాళ్ళే తినకపోతే ఎలా? అందుకని మోదుగాకు దొన్నెలు కొని, ఒక్కో దొన్నెలో రెండు డిప్‌లూ చెరో రెండు చెంచాలు వేసి, పక్కన కీరా, క్యారెట్, ముల్లంగి పొడవు ముక్కలు, జొన్నరొట్టె త్రికోణాలుగా కోసినవి గుచ్చి ఇచ్చాను. ఎవరిది వాళ్ళకే. మిగతాది మూతపెట్టి ఐసు ముక్కల పళ్ళెంలో ఉంచాను, ఉడికించిన గింజల ముద్ద బయట రెండు గంటలకి మించి, బాగా ఎండగా ఉంటే గంటకి మించి ఉంచకూడదు.

మొదటి దొన్నె మూడో అంతస్తు పిన్నిగారికి ఇచ్చాను. "పచ్చడంటావు, కారమేదమ్మా?" అని అడిగారు. నిజమే, కారం లేని పచ్చడి మనకి పచ్చడి కాదు. అలసందల డిప్ మీద ఎండుమిర్చి, ఆవాలు, కరివేపాకు తిరగమోత అప్పటికే డబ్బాలో తెచ్చుకున్నాను, వేసి ఇచ్చాక రెండో దొన్నె అడిగి తీసుకున్నారు. తర్వాత నుంచి అందరికీ అలాగే వేశాను. చెరకు రసం బండి పక్కన ఆడుకుంటున్న పిల్లలు గులాబీ రంగుది జొన్నరొట్టెతో తిని, తల్లులు బతిమాలినా తినని క్యారెట్ ముక్కలు కూడా దాంతోనే అద్దుకుని తిన్నారు. అత్తయ్యగారు ఆ రోజు అందరితో పాటు కూర్చుని, అందరూ లేచేదాకా తిన్నారు. నాకు అదే కావాలి.

ఆరోగ్యం మాట ఎత్తాను కాబట్టి లెక్క కూడా చెప్తాను. ఉడికిన శనగలు 100 గ్రాముల్లో దాదాపు 9 గ్రాముల ప్రొటీన్, ఏడెనిమిది గ్రాముల పీచు ఉంటాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూరగాయలు, ఆకుకూరలు కలిపి రోజుకు 400 గ్రాములు తినమంది, మనలో చాలామంది పళ్ళెంలో అంత కనిపించదు, ఈ డిప్‌లో ఉన్నవి, అద్దుకునే ముక్కలు కలిపితే అందులో కొంతైనా తేలిగ్గా పూర్తవుతుంది. అయితే నువ్వుల్లో సగం నూనే కాబట్టి ఇది గిన్నెలకి గిన్నెలు తినేది కాదు. హోటల్లో పైన గుమ్మరించినట్టు ఆలివ్ నూనె నేను పోయలేదు, అవసరం కూడా అనిపించలేదు.

ఇక ఈ గ్రైండర్‌తో ఇబ్బందులు. బరువు. నడుము నొప్పి ఉన్నవాళ్ళు ఇది రోజూ అలమరలోంచి ఎత్తి దించలేరు, ప్లాట్‌ఫాం మీద శాశ్వతంగా ఒక చోటు ఇవ్వగలిగితేనే కొనండి. కడగడం పెద్ద పని, ఇడ్లీ పిండైతే నీళ్ళు పోసి రెండు తిప్పులు తిప్పితే వదిలేస్తుంది, నువ్వుల నూనె కలిసిన ఈ ముద్ద అలా వదలదు, వేడినీళ్ళు, సబ్బు, బ్రష్ పట్టుకుని రాళ్ళ సందుల్లో పది నిమిషాలు రుద్దాలి. ఎంత గీకినా వాయికి ఒక గరిటెడు ముద్ద రాళ్ళకే ఉండిపోతుంది. తక్కువ పరిమాణానికి పనికిరాదు, పావుకిలో శనగలు వేస్తే రాళ్ళ కింద ఏమీ లేనట్టే, నలుగురున్న ఇంట్లో సాయంత్రం తినడానికైతే మిక్సీలో చేసుకోండి, రెండు వాయిలతో పోతుంది. ఇంకో విషయం, మొదట మా ఇంటికి వచ్చిన గ్రైండర్‌లో ఒక రాయి అంచు పగిలి ఉంది. మార్చి ఇవ్వడానికి షాపువాళ్ళు పదహారు రోజులు తిప్పారు, డబ్బా విప్పేటప్పుడు వీడియో తీశాను కాబట్టి సరిపోయింది. ఆన్‌లైన్‌లో కొన్నా షాపులో కొన్నా రాయి అంచులు వేలితో తడిమి, ఖాళీగా అర నిమిషం తిప్పి చప్పుడు విని తీసుకోండి. కొత్తలో రెండుసార్లు నానిన బియ్యం రుబ్బి పారబోస్తే రాతిపొడి పోతుంది.

ఇడ్లీ, దోసెలు వారానికి రెండుసార్లు చేసే ఇల్లయి, అప్పుడప్పుడూ ఇరవై ముప్పై మందికి వండే అలవాటు ఉంటే 5కి 4 ఇస్తాను. కేవలం హమ్మస్ కోసమే అయితే కొనొద్దు, మంచి మిక్సీ జార్, ఓపిక చాలు. నా వరకు ఒక బెల్టు విడిగా కొని పెట్టుకున్నాను, సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మ అనపకాయలు మూట కట్టి ఇస్తానంది, పితికిన పప్పు ఉడికించి, పచ్చిమిర్చి కాల్చి వేసి ఈసారి దాంతో చేసి చూస్తాను. అనపగింజలకి నీళ్ళు ఎంత పడతాయో, ఎన్ని నిమిషాలు పడుతుందో తెలిశాక దీని కిందే రాస్తాను.